నంది కొండ కింది మట్టిబాటల్లో సైకిలు: మలుపులో బ్రేకు పట్టకండి

పోయిన ఆదివారం ఉదయం ఆరున్నర ప్రాంతంలో, బెంగళూరు దగ్గరి నంది కొండ (నంది హిల్స్) కింద ద్రాక్ష తోటల మధ్య నుంచి దిగే మట్టిబాటలో మా బృందంలోని ఒక కుర్రాడు పడ్డాడు. అనంతపురం పిల్లవాడు, ఇరవై ఆరేళ్లు, బెంగళూరులో ఉద్యోగం. ఎడమ మలుపులో ముందు చక్రం జారిపోయింది. మనిషి బాట దాటి వెళ్లి, తోట అంచున పందిరి కోసం పాతిన రాతి కూసానికి కొట్టుకున్నాడు. కాలర్ బోన్ విరిగింది. హెల్మెట్ రెండు చోట్ల పగిలింది. అది లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతున్నాయి.

వానలు వెనకపట్టాయి. ఇక ఫిబ్రవరి దాకా ప్రతి శని, ఆదివారాలు బెంగళూరు నుంచీ, హిందూపురం నుంచీ మనవాళ్లు దేవనహళ్లి, దొడ్డబళ్లాపురం, చిక్కబళ్లాపురం చుట్టుపక్కల బాటలకు సైకిళ్లతో బయలుదేరతారు. 1,478 మీటర్ల నంది కొండ ఎక్కే తారు రోడ్డు మీద సెలవు రోజుల్లో తెల్లవారకముందే కార్లు, మోటారు సైకిళ్లు బారులు తీరుతున్నాయి. అందుకే కంకర, మట్టిబాటలకు పనికొచ్చే గ్రావెల్ సైకిలు ఉన్నవాళ్లు కింది తోటల్లోకి మళ్లుతున్నారు. మన పెన్నా పుట్టిన కొండలివి, బెంగళూరు బ్లూ ద్రాక్ష పండే నేల ఇది. నగరానికి 60 కిలోమీటర్ల దూరంలో ఇంత నిశ్శబ్దంగా ఉండే దారులు దొరకడం అదృష్టం. కానీ ఎదురుగా బండి రాదన్న ధైర్యమే ఇక్కడ వేగం పెంచుతుంది.

హెల్మెట్ పెట్టుకోండి, నీళ్లు తెచ్చుకోండి అని నేను చెప్పను. అవి మీకు తెలుసు. ఇన్నేళ్లలో ఈ బాటల మీద నా కళ్లముందు పదకొండు మంది పడ్డారు. వాళ్లలో తొమ్మిది మంది ఒకే తప్పు చేశారు. దిగుడులో వేగంగా వచ్చి, మలుపు తిరగడం మొదలుపెట్టాక భయపడి, బ్రేకు గట్టిగా పట్టారు.

టైరుకు నేల మీద ఉండే పట్టుకు ఒక హద్దు ఉంది. ఆగడానికైనా, తిరగడానికైనా అందులోంచే వాడుకోవాలి. తారు మీద ఆ పట్టు ఎక్కువ కాబట్టి రెండూ కాస్త కాస్త చేసినా చెల్లుతుంది. కంకర మట్టిలో టైరు గట్టి నేలను తాకదు, నేల మీద దొర్లే గులకల మీద నిలబడి ఉంటుంది. సైకిలు వంగి తిరుగుతున్నప్పుడు ఆ కాస్త పట్టూ తిరగడానికే సరిపోతుంది. అప్పుడు ముందు బ్రేకు పట్టారంటే చక్రం బిగుసుకుని పక్కకు జారుతుంది. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, చాలామంది సర్దుకుంటారు. ముందు చక్రం జారితే ఏం జరిగిందో తెలిసేలోపే భుజం నేలకు తగులుతుంది.

కాబట్టి మలుపుకు ముందే, బాట తిన్నగా, సైకిలు నిటారుగా ఉన్నచోటే వేగం తగ్గించండి. రెండు బ్రేకులూ కలిపి, నిమ్మకాయ పిండినట్టు కొంచెం కొంచెంగా నొక్కండి. ఇంత నెమ్మది అవసరమా అనిపించేదాకా తగ్గించండి. తిరగబోయే ముందు వేళ్లు సడలించండి. మలుపు మొత్తం అలాగే వదిలేసి దాటండి. వేగం గంటకు 20 నుంచి 40 కిలోమీటర్లకు పెరిగితే, బ్రేకు పట్టాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుందని గుర్తుంచుకోండి. తారు మీద వచ్చిన అంచనాతో మట్టిలో బ్రేకు పడితే ఆ దూరం ఇంకా పెరుగుతుంది.

పొరపాటున వేగంగానే మలుపులోకి వచ్చేశారనుకోండి. పక్కన ఖాళీ జాగా ఉంటే సైకిలును నిటారుగా లేపి, తిన్నగా పోనిస్తూ బ్రేకు పట్టి గడ్డిలోకి దిగిపోండి. జాగా లేకపోతే ముందు బ్రేకు పూర్తిగా వదిలి, మలుపు ఎక్కడ ముగుస్తుందో అటే చూస్తూ తిప్పండి. కూసం వైపు చూడకండి. చూసినవైపే సైకిలు పోతుంది.

బయలుదేరే ముందు రాత్రి

బ్రేకులు చూడండి. ముందు బ్రేకు ఏ చేతిలో ఉందో కూడా చూడండి. మన దేశంలో అమ్మే సైకిళ్లకు సాధారణంగా ముందు బ్రేకు కుడిచేతి లివరుకు ఉంటుంది. అమెరికా నుంచి తెచ్చిన వాటికి ఎడమచేతికి ఉంటుంది. ఆదివారం పడిన కుర్రాడి సైకిలు వాళ్ల అన్న అక్కడి నుంచి తెచ్చి ఇచ్చినది, నెల రోజులే అయింది. మలుపులో వెనక బ్రేకు అనుకుని ఎడమ లివరు లాగాడు. కేబులు మార్పించుకుంటే ఒక్క పూట పని. కేబులు బదులు నూనెతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకు అయితే దుకాణంలో గొట్టాలు మార్చి, నూనె నింపి ఇస్తారు. ఆ పని కాకుండా దిగుడుకు రాకండి.

గాలి తగ్గించండి. తారు రోడ్డు కోసం నింపిన గాలితో మట్టిలోకి వస్తే టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది, ఎగిరినప్పుడు పట్టు ఉండదు. 70 కిలోల మనిషికి, 40 మిల్లీమీటర్ల ట్యూబులెస్ టైరుకు 30 నుంచి 35 పీఎస్ఐ (పంపు మీద కనబడే గాలి ఒత్తిడి కొలత) చాలు. ట్యూబు ఉంటే ఇంకొంచెం ఎక్కువ పెట్టుకోండి, లేకపోతే రాయి తగిలినప్పుడు ట్యూబు నలిగి చిల్లు పడుతుంది. ఇక్కడ సర్కారు తుమ్మ ముళ్లు మామూలే, ట్యూబులెస్ వాళ్లు టైరులో చిల్లు పూడ్చే సీలెంటు ఎండిపోలేదని చూసుకోండి.

బాట మీద

వానకు కొట్టుకొచ్చిన గులక మూడు చోట్ల చేరుతుంది: మలుపు బయటి అంచున, రెండు చక్రాల జాడల మధ్య గట్టున, పల్లంలో వాగు దాటే చోట. ట్రాక్టరు చక్రం నడిచిన జాడలోనే ఉండండి. జాడ మారాలంటే మలుపుకు ముందే మారండి. పల్లంలో ఇసుక కనబడితే హ్యాండిలు బిగించి పట్టకుండా, తిన్నగా, తొక్కుతూ దాటండి.

తారు ముగిసి మట్టి మొదలయ్యే చోటును ఒక మలుపుగానే లెక్కపెట్టండి. తారు మీది వేగాన్ని అక్కడే వదిలించుకోవాలి. క్వారీల నుంచి వచ్చే టిప్పర్లు రాలుస్తూ పోయిన కంకర తారు మీదా ఉంటుంది, దాన్నీ మట్టిబాటగానే చూడండి.

పందిరి అంచు కూసాలను నిలబెట్టే లాగుడు తీగలు ఏటవాలుగా నేలలోకి దిగి ఉంటాయి. కొన్ని బాట దాకా వస్తాయి. పొగమంచులో అవి కనబడవు.

ఇంకా:

పొగమంచులో ముందు 20 మీటర్లు కనబడకపోతే దిగి నడిపించండి.

లైట్లు ముందూ వెనకా వెలగాలి, తెల్లవారాక కూడా.

ముందు సైకిలుకు దిగుడులో కనీసం నాలుగు సైకిళ్ల దూరం ఇవ్వండి. దుమ్ములో అతని బ్రేకు మీకు కనబడదు.

తోటలో మందు కొడుతుంటే ఆగండి, గాలి వాటం చూసి దాటండి. తోట దగ్గరి డ్రమ్ముల్లో, తొట్లలో నీళ్లు తాగకండి, ముఖం కడుక్కోకండి. తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం కలిపిన తొట్టికీ, మంచినీళ్ల తొట్టికీ తేడా మీకు తెలియదు.

కుక్క వెంటపడితే దిగుడులో దాన్ని దాటేయాలని తొక్కకండి. ఆగి, సైకిలును అడ్డం పెట్టుకుని నడవండి.

కోతలప్పుడు క్రేట్ల ట్రాక్టర్లు వెనక్కి నడుస్తాయి, డ్రైవరుకు మీరు కనబడరు.

తోటల్లో దారి కోసం గేట్లు తీయకండి.

ఒంటరిగా రాకండి. ఫోను లొకేషన్ ఇంట్లో ఒకరికి పంపి ఉంచండి. లోయల్లో సిగ్నలు ఉండదు, 108కి ఫోను చేయాలంటే గట్టు పైకి ఎక్కాలి. ఎక్కడ సిగ్నలు వచ్చిందో వెళ్లేటప్పుడే గమనించుకోండి.

పడినవాడు మెడ నొప్పి అంటే లేపకండి, హెల్మెట్ లాగకండి. అడిగిందే అడుగుతున్నా, వాంతి చేసుకున్నా తిరిగి సైకిలు ఎక్కనివ్వకండి, బాగానే ఉన్నానని అన్నా సరే.

ఒక్కసారి దెబ్బ తిన్న హెల్మెట్ పారేయండి. లోపలి నురుగు నలిగిపోయి ఉంటుంది, పైకి తెలియదు.

వీడియో తీస్తూ దిగకండి.

మలుపులో బ్రేకు పట్టకండి. మలుపుకు ముందే పట్టండి. కొత్తగా వచ్చేవాళ్లను మీ బృందంలో చేర్చుకునే ముందు, ఊరి బయట ఖాళీ మట్టి స్థలంలో ఒక గంట నిలబెట్టి ఈ ఒక్కటీ చేయించండి: నడిచేంత వేగంతో మొదలుపెట్టి, ముందే బ్రేకు, వేళ్లు సడలించడం, మలుపు. ఇరవైసార్లు. చేతికి అలవాటు కానివాళ్లను ఈ సీజనులో దిగుడుకు తీసుకురాకండి.