పాత జిప్సీకి, జీపుకు టైర్లు మార్చాలంటే సైజు ఎలా చూసుకోవాలి?

పాత మారుతి జిప్సీ గానీ, మహీంద్రా జీపు గానీ ఉన్నవాళ్లు టైర్ల షాపుకు పోయి మొదట అడిగేది ఒకటే, "ఇంతకన్నా పెద్దది ఎక్కుతదా?" అని. నేనూ అదే అడిగాను. షాపాయన "ఎందుకెక్కదన్నా" అని 235/75 ఆర్15 టైర్లు నాలుగూ నా జిప్సీకి ఎక్కించాడు. బండి ఏనుగు గున్నలా నిలబడింది, నేను మురిసిపోయాను. ములుగు రోడ్డులో ఆత్మకూరు దాటేదాకా బాగానే ఉంది. అక్కడ ఒక మొరం బాటలోకి దిగుదామని స్టీరింగు పూర్తిగా తిప్పేసరికి బర్రుమని చప్పుడు. ఆపి చూస్తే ముందు టైరు అంచు మడ్‌గార్డు రేకుకు రాసుకుని రబ్బరు పేలికలు లేచి ఉంది. కొత్త టైరు, ఇంకా ముప్పై కిలోమీటర్లు తిరగలేదు!

అందుకే చెప్తున్నా, షాపుకు పోయే ముందు ఇంటి దగ్గర ఒక అరగంట పని ఉంది, అది చేసుకుని పోండి.

ముందు టైరు ఎత్తు లెక్క

టైరు పక్కన ఉన్న నంబరు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. జిప్సీ కింగ్‌కు వచ్చే 205/70 ఆర్15 తీసుకోండి. 205 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, అంటే 143.5 మిల్లీమీటర్లు. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. గోడ పైనా ఉంటుంది, కిందా ఉంటుంది కాబట్టి రెండుతో గుణిస్తే 287, దానికి 15 అంగుళాల రిమ్ము 381 కలిపితే మొత్తం 668 మిల్లీమీటర్లు. ఇదే లెక్కన 215/75 ఆర్15 వేస్తే 703 దాటుతుంది, 235/75 ఆర్15 అయితే 733 దాకా పోతుంది.

ఇక పాత జీపులకు వచ్చే 6.00-16 టైరు చూడండి. అది పాత పద్ధతి నంబరు, 6 అంగుళాల వెడల్పు, 16 రిమ్ము, బయటి ఎత్తు ఇంచుమించు 730. అంటే జిప్సీకి పది శాతం పెద్దదయ్యే 235/75 టైరు జీపుకు మాత్రం కంపెనీ ఎత్తే. జీపువాళ్లు "మేం వేసుకున్నాం, ఏం కాలేదు" అంటే విని జిప్సీవాళ్లు మోసపోయేది ఇక్కడే. వాళ్లు అబద్ధం చెప్పలేదు, బండి వేరంతే.

పది శాతం అంటే ఏమవుతుంది? స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి 66లో పోతుంటుంది. గేర్లన్నీ పొడుగైనట్టు అవుతాయి, 1298 సీసీ పెట్రోలు ఇంజను ఘాట్ ఎక్కేటప్పుడు మూడో గేరులో లాగాల్సింది రెండులో లాగుతుంది, బ్రేకు మీద కూడా బరువు పడుతుంది. ఇంత చేస్తే కింద పెరిగే ఎత్తు ఎంత? తేడాలో సగమే, 33 మిల్లీమీటర్లు. నా లెక్కలో మూడు శాతం దాకా ఆలోచించక్కర్లేదు, ఐదు దగ్గర ఆగిపోవాలి. అంటే జిప్సీకి 215/75 చాలు. జీపును దాని పాత ఎత్తులోనే ఉంచండి.

రిమ్ము సంగతి

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు, ఎందుకంటే టైరు కనిపిస్తుంది, రిమ్ము కనిపించదు. జిప్సీ రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు. 205/70, 215/75 రెండూ దానికి సరిపోతాయి, 235/75కు మాత్రం కనీసం 6 కావాలి. ఇరుకు రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కిస్తే టైరు మధ్యలో ఉబ్బుతుంది, నడుమ అరిగిపోయి అంచులు కొత్తగానే ఉంటాయి. పాత జీపు రిమ్ము 4.5 అంగుళాలే, అది ట్యూబు టైరుకు చేసింది, దాని మీద ట్యూబ్‌లెస్ వేయించకండి.

వేరే రిమ్ములు కొనేటట్టయితే బోల్టుల వరుస కొలవాలి. ఐదు స్టడ్లు ఉంటాయి కదా, పక్కపక్కవి కాకుండా ఒకటి వదిలి రెండో స్టడ్డు మధ్యకు టేపు పెట్టండి. 133 మిల్లీమీటర్లు వస్తే దాన్ని 1.051తో గుణించండి, ఇంచుమించు 139.7 వస్తుంది, అది స్టడ్లన్నీ ఉన్న చుట్టు వ్యాసం. జిప్సీకీ, పాత జీపుకూ, బొలెరోకూ ఇదే కొలత. అందుకే పాత సామాన్ల షాపుల్లో "ఏదైనా ఎక్కుతది" అంటారు. ఎక్కుతుంది గానీ నడిమి రంధ్రం, నట్టు కూర్చునే చోటు, స్టడ్డు మర సరిపోయాయో లేదో చేత్తో బిగించి చూసుకోవాలి. చేత్తో నాలుగు చుట్లు తిరగని నట్టును పానాతో తిప్పితే స్టడ్డు పాడవుతుంది. చక్రం బయటికి రావాలని రిమ్ము వెనక స్పేసర్లు, అంటే మందపు బిళ్లలు, వేసుకునేవాళ్లుంటారు, నాకైతే నచ్చదు. బేరింగు మీద బరువు పెరుగుతుంది, వానాకాలం బురదంతా తలుపుల మీదే పడుతుంది.

ఏ రకం టైరు?

మీరు ఎక్కడ తిరుగుతారో నిజం చెప్పుకోండి. మనలో చాలామంది బండి పదింట ఎనిమిది రోజులు హైదరాబాదు హైవే మీదో, కాజీపేట బ్రిడ్జి మీదో ఉంటుంది. అలాంటివాళ్లకు రోడ్డుకూ మట్టి బాటకూ పనికొచ్చే ఆల్ టెర్రెయిన్ టైరే సరి. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు మొరం బాటలకూ అది చాలు. బురద కోసం చేసిన మడ్ టెర్రెయిన్ టైర్లు తారు రోడ్డు మీద గోల చేస్తాయి, తడి రోడ్డు మీద బ్రేకు తొందరగా పట్టదు. పైగా నల్లరేగడిలో అవి కూడా గారెపిండి అంటినట్టు నిండిపోతాయి, రెండు చుట్లకే గుండు టైరైపోతాయి. నల్లరేగడిలో వాన పడ్డాక దిగకపోవడమే తెలివి. గోదావరి ఇసుకలో అయితే గాలి 18 పీఎస్‌ఐ దాకా దించితే బండి తేలుతుంది, రోడ్డు ఎక్కే ముందు మళ్లీ కొట్టించుకోవాలి, చిన్న పంపు బండిలో ఉంచుకోండి.

కొనేటప్పుడు

తయారీ తేదీ అడగకండి, చదవండి. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2224 అంటే 2024లో 22వ వారం. పాత బండి సైజులు నెమ్మదిగా అమ్ముడుపోతాయి కాబట్టి అల్మారాలో మగ్గిన సరుకు అంటగట్టే అవకాశం ఎక్కువ, "కొత్తదే సార్" అన్నా ఆ అంకెలు ఫోన్ లైటు వేసి చూడండి. టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే లోడ్ నంబరు కంపెనీ ఇచ్చినదానికన్నా తగ్గొద్దు. 96 అంటే ఒక్కో టైరుకు 710 కిలోలు, 100 అంటే 800.

ఐదు కొనండి, నాలుగు కాదు. ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకే వేగంతో తిరగాలి. స్టెప్నీ వేరే సైజైతే ఆ తేడా అంతా రెండు ఇరుసులకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. బడ్జెట్ లేకపోతే రెండు నెలలు ఆగండి.

కాగితాల మాట కూడా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. సైజు మార్చాలనుకుంటే ఆర్టీఏ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ముందే అడగండి. అడగడం ఇష్టం లేకపోతే కంపెనీ సైజే వేయించుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఎక్కించాక షాపు ముందే స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పించండి, వెనక ఇద్దరిని ఎక్కించి ఒకసారి గుంతలో దింపి చూడండి. టైరుకీ రేకుకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ మళ్లీ బిగించాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

నా 235 టైర్లు నర్సంపేటలో జీపున్న ఒక మిత్రుడు తీసుకున్నాడు. అప్పటికే ఆయన 15 అంగుళాల వెడల్పు రిమ్ములు వేయించుకుని ఉన్నాడు, కుట్టించినట్టు సరిపోయాయి. ఆ రబ్బరు లేచిన టైరును మాత్రం స్టెప్నీగా వెనక తగిలించుకున్నాడు, కలిసినప్పుడల్లా దాని మీద తట్టి నా వైపు చూసి నవ్వుతాడు.