మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు: పిల్లలున్న ఇంట్లో ఎండాకాలం జాగ్రత్తలు

మార్చి నెల సగానికి వచ్చిందంటే మన దగ్గర ఒంటిపూట బడులు. పొద్దున 8కి వెళ్ళిన పిల్లలు పన్నెండున్నరకల్లా బయటికొస్తారు. ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చాక ఇక జూన్ రెండో వారం దాకా రోజంతా ఇల్లే. మాకు ఆరేళ్ళ పాప, మూడు నిండని బాబు. ఎండలో తిప్పకండి, నీళ్ళు తాగించండి అని అందరూ చెప్తారు, మేమూ పాటిస్తాం. అయినా ఈ ఆరు ఎండాకాలాల్లో నాకు గుండె ఆగినంత పనైన సందర్భాలన్నీ ఇంటి కాంపౌండు లోపలే జరిగాయి. అవి కూడా దాదాపు ఒకే వేళకి. అన్నాలు తిని, కూలర్ వేసుకుని, పరదాలు దించుకుని పెద్దవాళ్ళం నడుం వాల్చే వేళ. పిల్లలకి మాత్రం సరిగ్గా అప్పుడే తెల్లారినట్టుంటుంది.

మేముండేది హైదరాబాద్‌లో మల్కాజిగిరి వైపు, కింది పోర్షన్. ఓనర్లు పైన. నేలలో నీళ్ళు నింపుకునే సంపు వాకిట్లోనే, మా గడప నుంచి పది అడుగులు. ఏప్రిల్, మే నెలల్లో నల్లా నీళ్ళు చాలవు, ట్యాంకర్ బుక్ చేస్తాం. అది ఏ టైముకొస్తుందో దేవుడికే తెలియాలి. పోయిన మేలో ఒకరోజు మూడింటికి వచ్చింది. నేను బాబుని పక్కలో వేసుకుని కునుకు తీస్తున్నాను. ఓనర్ ఆంటీ దిగొచ్చి మూత తీశారు, ట్యాంకరబ్బాయి పైపు లోపలికి వదిలాడు. ఆ అబ్బాయి వాల్వు తిప్పడానికి రోడ్డు మీదికి వెళ్ళాడు, ఆంటీ డబ్బులు తేవడానికి పైకెళ్ళారు. ఎంతసేపు? రెండు నిమిషాలు.

నీళ్ళ చప్పుడుకి నాకు మెలకువొచ్చింది. పక్కన బాబు లేడు. వాకిట్లోకి వస్తే సంపు అంచున గొంతుక్కూర్చుని కనిపించాడు. ఒక నీలం చెప్పు అప్పటికే లోపల నీళ్ళ మీద గిర్రున తిరుగుతోంది. రెండోది చేతిలో ఉంది, దాన్ని కూడా వదిలి చూద్దామని వంగుతున్నాడు. పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడి ముందుకు తూలతాడేమోనని నోరు మూసుకుని, వెనక నుంచి వెళ్ళి నడుం పట్టి లాగాను. నా కాళ్ళు వణకడం మొదలైంది ఆ తర్వాత.

ఆ సాయంత్రమే ఓనర్లతో కూర్చుని మాట్లాడుకున్నాం. మూత తీసినవాళ్ళు మళ్ళీ మూసేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. డబ్బులైనా ఫోనైనా తర్వాత. రెండు రోజుల్లో వెల్డింగ్ షాపులో చెప్పి మూత కింద ఇనప జాలీ పెట్టించాం. పైపు పట్టేంత సందు ఉంటుంది, పిల్లాడు పట్టడు. తుప్పు పట్టిన పాత మూత తీసేసి, గొళ్ళెం, తాళం ఉన్నది వేయించాం. మీ సంపు మూత మీద ఒకసారి కాలుపెట్టి చూడండి. కిర్రుమని కిందికి వంగితే ఈ వారంలోనే మార్పించండి. పైన కార్పెట్ ముక్కో చెక్కో కప్పి ఊరుకోవద్దు. దానివల్ల అక్కడ గుంత ఉందన్న సంగతి కూడా మరుగున పడిపోతుంది.

సంపుతో అయిపోదు. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి బాత్రూంలో బకెట్లు, డ్రమ్ములు నింపి పెట్టుకుంటాం. నడక కొత్తగా వచ్చిన పిల్లలకి తల బరువు ఎక్కువ. బకెట్లోకి వంగితే మళ్ళీ లేవలేరు, అరవలేరు కూడా. మునగడానికి రెండు మూడు అంగుళాల నీళ్ళు చాలు. బాత్రూం తలుపుకి బయట నుంచి, పిల్లలకి అందనంత ఎత్తున గడియ పెట్టించండి. డాబా మీద గాలి టబ్బు పెట్టి ఆడిస్తే, ఆట అయిన వెంటనే బోర్లించండి. సాయంత్రం మొక్కలకి పోద్దామని ఉంచొద్దు.

ఇక కూలర్. మాది అత్తమ్మ హయాం నాటి ఇనప బాడీ కూలర్. గడ్డి మారిస్తే ఇప్పటికీ ఏసీతో పోటీ పడుతుంది. కానీ నీళ్ళు, కరెంటు, ఇనుము ఒకేచోట ఉండే వస్తువు ఇది. స్నానం చేసొచ్చి, ఒళ్ళు తుడుచుకోకుండా చల్లగాలికి దానికి ఆనుకుని నిలబడేది పిల్లలే. అత్తమ్మ కూలర్ తిరుగుతుండగానే మగ్గుతో నీళ్ళు పోసేవారు. వద్దంటే, "ఇన్నేండ్ల సంది ఇట్లనే పోస్తున్న, ఏమైంది?" అనేవారు. ఒకరోజు చెయ్యి జివ్వుమంది. అప్పటి నుంచి ప్లగ్గు పీకిందాకా మగ్గు పట్టుకోరు, మమ్మల్నీ పట్టుకోనివ్వరు.

స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గే తీసేయాలి. నీళ్ళు పోశాక, కింద ఒలికినవి తుడిచాక మళ్ళీ పెట్టాలి. సీజన్ మొదట్లోనే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి మూడు పనులు చేయించండి. బాడీకి కరెంటు వస్తోందేమో చూడమనండి, ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూడమనండి, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. కరెంటు లీకైతే అది క్షణంలో సప్లయి కట్ చేస్తుంది. లోడు ఎక్కువైతే పడిపోయే మామూలు ఎంసీబీ ఆ పని చెయ్యదు. రెండు పిన్నుల ప్లగ్గుతో, ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద పెట్టి కూలర్ నడపొద్దు. కూలర్ ముందువైపు జాలీ సందులో వేలు దూరుతుందేమో మీ పెద్ద వేలితో కాకుండా పిల్లాడి వేలి సైజు పెన్సిల్‌తో చూడండి. ఇంకో మాట, కూలర్ తొట్టి వారానికొకసారి పూర్తిగా వంపేసి, లోపలి గోడలు బ్రష్‌తో రుద్ది ఆరబెట్టాలి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకి అంటుకుని ఉంటాయి, ఒట్టి నీళ్ళు మారిస్తే పోవు. ఆ దోమ కుట్టేది పగలే, అంటే మనం కునుకు తీసే ఆ వేళలో కూడా.

మా ఇంట్లో ఇప్పుడు మధ్యాహ్నం నిద్ర వంతుల వారీగా. నేను పడుకుంటే అత్తమ్మ మేలుకుంటారు, ఆదివారమైతే మా ఆయన. ఎవరూ లేని రోజు, వీధి తలుపు పై గడియ వేసి, పిల్లలతో పాటు ఒకే గదిలో పడుకుంటాను. అపార్ట్‌మెంట్ల వాళ్ళు బాల్కనీ కూడా చూసుకోవాలి. అక్కడ స్టూలు, పాత పేపర్ల కట్ట, కుండీ స్టాండు, ఆడిన ట్రైసికిల్, ఏదైనా సరే పిల్లాడికి మెట్టే. గోడ దగ్గర నుంచి అన్నీ లోపలికి తెచ్చేయండి.

బయటి సంగతి కొంచెం. ఒంటిపూట బడి అంటే ఎండ నుంచి కాపాడటానికేగా పెట్టింది, కానీ ఇంటికి తిరిగొచ్చేది పన్నెండున్నరకి. స్కూలు బస్సు లేనివాళ్ళకి అదే అసలు పరీక్ష. పొద్దున ఇచ్చిన బాటిల్ అప్పటికి ఖాళీ, కాబట్టి తీసుకురావడానికి వెళ్ళేటప్పుడు ఇంకోటి పట్టుకెళ్ళండి. టోపీ, పలచటి నూలు బట్టలు. బండి సీటు మీద తడిగుడ్డ వేసి తుడిచి కూర్చోబెట్టండి, నిక్కరు వేసుకున్న పిల్లల తొడలు చురుక్కుమంటాయి. బైకు దిగేటప్పుడు సైలెన్సర్ పిక్కకి తగిలి బొబ్బలెక్కడం మామూలే, కాబట్టి అది లేని వైపు దించండి. 9 నెలల నుంచి 4 ఏళ్ళ లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే పిల్లల హెల్మెట్, నడిపేవాళ్ళకి కట్టి ఉండే బెల్టు ఉండాలని, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. మన వీధుల్లో ఆ బెల్టు ఎంతమంది దగ్గర కనిపిస్తుందో మీకు తెలిసిందే.

ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లో దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. బయట 40 ఉంటే లోపల 50. అద్దం రెండు వేళ్ళ సందు దించితే పెద్దగా తగ్గదు. "ఒక్క పెరుగు ప్యాకెట్ తెచ్చేస్తా, నిద్రలో ఉన్నాడుగా" అని వదలొద్దు. ఇంటి దగ్గర ఆపిన కారుకీ తాళం ఉండాలి. దాగుడుమూతల్లో దూరి లోపల చిక్కుకునే పిల్లలు ఉంటారు.

పార్కుకి ఐదున్నర దాటాకే. ఇందిరా పార్కైనా, కాలనీ పార్కైనా జారుడుబల్ల మీద ముందు మీ ముంజేయి ఆనించి చూడండి. జూకి వెళ్ళాలంటే పొద్దున్నే గేటు తెరిచేసరికి వెళ్ళి పదకొండుకల్లా బయటపడండి. సోమవారం సెలవని మర్చిపోయి మేమొకసారి గేటు దాకా వెళ్ళొచ్చాం, ఏడుపు ఆపలేకపోయాం.

తాగేవాటి దగ్గర పెద్దవాళ్ళతో కొంచెం గొడవ తప్పదు. ఆరు నెలల్లోపు పసిబిడ్డకి తల్లిపాలు చాలు, ఎంత ఎండైనా. అందులో ఎక్కువ భాగం నీళ్ళే. "గొంతెండుతది బిడ్డకు, చెంచాడు నీళ్ళు పట్టు" అంటే, ఇంకోసారి పాలే పట్టండి. పెద్ద పిల్లలకి రంజన్‌లో, అంటే మట్టికుండలో నీళ్ళు, పలచటి మజ్జిగలో చిటికెడు ఉప్పు, రాగి జావ. ఆడుకునే పిల్లలు అడగరు, మీరే గంటకోసారి గ్లాసు పట్టుకెళ్ళాలి.

ఓఆర్‌ఎస్ అంటే నీళ్ళలో కలిపి తాగించే ఉప్పు, చక్కెర పొడి. దాని గురించి కాస్త ఓపిగ్గా చదవండి. విరేచనాలో వాంతులో అయినప్పుడు, ఎండకి బాగా నీరసపడ్డప్పుడు అది మందులాంటిది, రోజూ తాగే జ్యూస్ లెక్క వాడొద్దు. ఏళ్ళ తరబడి మందుల షాపుల్లో ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు వేసుకుని తియ్యటి డ్రింకులు అమ్ముడయ్యాయి. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాల పిల్లలకి ఇస్తే ఇంకా ఎక్కువవుతాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ పాటు పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) అలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దని ఆదేశించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో చూడండి. సుమారు 20.5 గ్రాముల పెద్ద ప్యాకెట్‌ని ఒకేసారి లీటరు నీళ్ళలో మొత్తం కలపాలి. చిన్న ప్యాకెట్ అయితే మామూలుగా 200 మిల్లీలీటర్లకి, దాని మీద రాసి ఉంటుంది. సగం చించి గ్లాసులో కలపడం, మిగతాది మడిచి డబ్బాలో పెట్టడం మానేయండి, ఉప్పు పాళ్ళు మారిపోతాయి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. చెంచా చెంచాగా పట్టండి, గటగటా తాగిస్తే కక్కేస్తారు.

తినేవాటిలో నా భయం గొంతుకి అడ్డుపడటం. ద్రాక్షపండు నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇస్తాను. ముంజలు జారుడు, రెండేళ్ళ లోపు వాళ్ళకి చిదిపి పెట్టాలి. పుచ్చకాయ గింజలు తీయాలి. సబ్జా గింజలు బాగా నాని ఉబ్బాకే, అదీ చిన్నపిల్లలకి వద్దే వద్దు. బేనిషాన్ మామిడిపళ్ళు తెచ్చిన వెంటనే కొయ్యకుండా కాసేపు నీళ్ళలో వేసి, బాగా కడిగి కొయ్యండి. బండి మీది చెరుకురసంలో వేసే ఐసు ఏ నీళ్ళదో తెలియదు కాబట్టి మేం ఐసు లేకుండానే అడుగుతాం.

వడదెబ్బ సంకేతాలు ఇంట్లో అందరికీ తెలిసుండాలి, ఇంట్లో పనిచేసే అమ్మాయితో సహా. ఆరు గంటలుగా మూత్రం పోయకపోవడం, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోవడం, కళ్ళు లోపలికి పోవడం, పసిబిడ్డకి మాడు గుంతపడటం ఒంట్లో నీళ్ళు తగ్గాయనడానికి గుర్తులు. అప్పుడే డాక్టర్‌కి చూపించాలి. ఒళ్ళు 104 డిగ్రీలకి కాలిపోతూ, పిలిస్తే సరిగ్గా పలకకుండా, మగతగానో పిచ్చిచూపులతోనో ఉంటే, ఫిట్స్ వస్తే అది వడదెబ్బే అనుకుని 108కి ఫోన్ చెయ్యండి. అంబులెన్స్ వచ్చేలోపు నీడకి చేర్చి, బట్టలు తీసేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ ఫ్యాను గాలి తగలనివ్వండి. చంకలు, మెడ, గజ్జల దగ్గర తడిగుడ్డలు. మగతలో ఉన్న పిల్లల నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు, దానికోసం టైము వేస్ట్ చెయ్యొద్దు. ఇంటికి దగ్గర్లో రాత్రిపూట కూడా పిల్లల డాక్టర్ ఉండే ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి.

మే నెల సాయంత్రాల్లో ఉన్నట్టుండి మబ్బు కమ్ముతుంది. ముందు దుమ్ముగాలి, తర్వాత వడగళ్ళు. పిల్లలు గిన్నెలు పట్టుకుని డాబా మీదికి పరుగు. ఉరుము వినపడిందంటే కిందికి దిగాల్సిందే, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా పైకి పోవద్దు. పిట్టగోడ మీది కుండీలు, గుడ్డలారేసే ఇనప తీగ, పక్కింటి రేకుల షెడ్డు వైపు కూడా చూసుకోవాలి. కరెంటు తీగ తెగి పడితే దగ్గరికెళ్ళకుండా కరెంటు ఆఫీసు నంబరు 1912కి చెప్పండి. వాన వెలిశాక మావాళ్ళిద్దరూ గేటు ముందు నిలిచిన నీళ్ళలో దూకడానికి తయారు. నేను ముందు వెళ్ళి స్తంభం వైపు, తీగల వైపు చూసొస్తాను. ఆ తర్వాతే చెప్పులేసుకుని దిగుతారు.