లెక్కలు ముగించే ముందు: ఫెయిర్ వాల్యూ కట్టేవారికి జాగ్రత్తలు

2023 మార్చి 10న అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడింది. 2022 డిసెంబరు 31 నాటి లెక్కల్లో, గడువు తీరేదాకా అట్టిపెట్టుకుంటామన్న బాండ్లను ఆ బ్యాంకు కొన్న ఖర్చు ఆధారంగా సుమారు 9,130 కోట్ల డాలర్లుగా చూపింది. అదే రోజున వాటి మార్కెట్ విలువ సుమారు 7,620 కోట్లు. తేడా 1,500 కోట్లు. సంస్థ సొంత మూలధనమంతా కలిపినా 1,600 కోట్లే. దాపరికం ఏమీ లేదు, రెండు అంకెలూ వార్షిక నివేదికలోనే ఉన్నాయి. అట్టిపెట్టుకునే బాండ్లను అలా చూపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి కూడా. కానీ మార్చి 9న ఒక్కరోజులో ఖాతాదారులు 4,200 కోట్ల డాలర్లు వెనక్కి అడిగేసరికి, అట్టిపెట్టుకుంటామన్న ఉద్దేశం ఆ బ్యాంకును కాపాడలేదు.

లెక్కలు ముగించే రోజులు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను. ఫెయిర్ వాల్యూ (కొలిచే తేదీన మార్కెట్‌లో పలికే విలువ) నిర్వచనం, దాని మూడు స్థాయిలు (ఒకటి: మార్కెట్‌లో నేరుగా కనిపించే ధర, రెండు: మార్కెట్‌లో దొరికే ఇతర ఆధారాలు, మూడు: బయట కనిపించని అంచనాలు) తెలిసినవారి కోసమే ఈ జాగ్రత్తలు. ఎందుకంటే నేను చూసినంతలో ఎక్కువమందిని ముంచిన తప్పును బాగా తెలిసినవారే చేస్తున్నారు. “మేము అమ్మం కదా!” ఈ ఒక్క మాటతో అది మొదలవుతుంది. యజమాని ఉద్దేశం మెల్లగా విలువలోకి దూరుతుంది. ఆ అంకెను సమర్థించుకోలేక ఉద్యోగాలు పోగొట్టుకున్న మంచి అధికారులను చూశాను.

ఐఎఫ్‌ఆర్‌ఎస్ 13 (ఫెయిర్ వాల్యూ కొలవడానికి ఉన్న అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం) అడిగేది ఇంతే. కొలిచే తేదీన, బలవంతం లేని మామూలు లావాదేవీలో, మార్కెట్‌లో ఉన్నవారు ఈ ఆస్తికి ఎంత ఇస్తారు? ఈ అప్పును తమ నెత్తిన వేసుకోవడానికి ఎంత అడుగుతారు? ఆ ప్రశ్నలో మీ కంపెనీ ఉద్దేశానికి చోటు లేదు. మీ ఉద్దేశాన్ని ధరలో కలపకండి.

ఆస్తుల దగ్గర

పాత ఫ్యాక్టరీ చుట్టూ ఊరు పెరిగింది, ఆ స్థలంలో ఇళ్లు కట్టడానికి చట్టం ఒప్పుకుంటుంది, కట్టినవారికి గిట్టుబాటు అవుతుంది. అలాంటప్పుడు “మేము ఫ్యాక్టరీనే నడుపుతాం” అన్నది మీ వ్యాపార నిర్ణయం మాత్రమే. కొనేవాడు ఇళ్ల స్థలంగా చూసి ఎంత ఇస్తాడో లెక్కగట్టాలి. కూల్చివేత ఖర్చు, స్థలాన్ని మార్చే ఖర్చు తీసేయాలి. వచ్చినదాన్ని ఇప్పటి వాడకంలో ఉన్న విలువతో పోల్చి, ఎక్కువ ఏదైతే అది తీసుకోవాలి. అయితే ఇక్కడ ఇంకో గుంట ఉంది. స్థలాన్ని ఇళ్ల స్థలంగా లెక్కగట్టినవారే, కూల్చేయాల్సిన భవనానికి మళ్లీ విడిగా పూర్తి విలువ వేస్తుంటారు. కూల్చేసే భవనానికి ఎవరు డబ్బిస్తారు?

పోటీ కంపెనీని కొని, దాని బ్రాండును మూలన పడేయాలని నిర్ణయించినా ఆ బ్రాండు విలువ సున్నా కాదు. వాడుకునేవారు మార్కెట్‌లో ఉంటే వారిచ్చే ధరే దాని విలువ.

చురుగ్గా చేతులు మారే షేర్లు మీ దగ్గర గుట్టగా ఉంటే, ధరను షేర్ల సంఖ్యతో గుణించండి. ఒకేసారి అమ్మితే ధర పడిపోతుందని తగ్గించకూడదు. గుట్టగా పోగేసుకోవడం మీ వ్యవహారం, అది షేరు లక్షణం కాదు.

ఏ మార్కెట్ ధర తీసుకోవాలన్న దగ్గరా ఇదే తప్పు. ఒక సరుకును మీరు రెండు చోట్ల అమ్మగలరనుకోండి. మొదటి చోట ధర 100, రవాణా 5, బ్రోకరేజి 8, చేతికి వచ్చేది 87. రెండో చోట ధర 98, రవాణా 5, బ్రోకరేజి 2, చేతికి 91. ఆ సరుకు వ్యాపారం ప్రధానంగా మొదటి చోటే జరుగుతుంటే ఫెయిర్ వాల్యూ 95. రెండో చోట అమ్మితే మీకు ఇంకో నాలుగు మిగులుతుందన్నది లెక్కకు రాదు. ప్రధాన మార్కెట్ అంటూ ఏదీ లేనప్పుడే రెండో చోటును ఎంచుకోవాలి. అప్పుడు 93. సరుకు ఎక్కడుందన్నది దాని లక్షణం కాబట్టి రవాణా తీసేస్తాం. బ్రోకరేజి అమ్మకం ఖర్చు కాబట్టి మార్కెట్‌ను ఎంచుకునేటప్పుడు చూస్తాం కానీ విలువలోంచి తీయం.

అప్పుల దగ్గర

“మాట్లాడుకుని తక్కువకు తేల్చుకుంటాం” అంటారు. మళ్లీ అదే తప్పు. మీరు ఎంతకు తేల్చుకుంటారన్నది కాదు, ఇంకొకరికి బదిలీ చేస్తే వారు ఎంత అడుగుతారన్నది చూడాలి. ప్లాంటును విప్పేసి స్థలాన్ని శుభ్రం చేసి అప్పగించాల్సిన బాధ్యత ఉంటే, సొంత మనుషులతో చవకగా చేయిస్తామన్న లెక్క చెల్లదు. ఆ భారం తలకెత్తుకునేవాడు పని ఖర్చుతో పాటు తన లాభం, ఖర్చు పెరిగిపోతుందేమోనన్న భయానికి అదనం, అన్నీ అడుగుతాడు.

మీ పరపతి దిగజారితే, మీరు తీర్చలేరేమోనన్న అనుమానం ధరలోకి వచ్చి మీ అప్పు ఫెయిర్ వాల్యూ తగ్గుతుంది. నిబంధన ప్రకారం అది సరైనదే. దాన్ని విజయంలా బోర్డుకు చెప్పకండి.

అడిగిన వెంటనే చెల్లించాల్సిన డిపాజిట్ విలువను, అడిగితే ఇవ్వాల్సిన మొత్తం కంటే తక్కువగా చూపకండి. ఖాతాదారులు ఇప్పట్లో రారన్నది మీ నమ్మకం.

మార్కెట్ ధర దొరకని చోట

అంకె ఎటు కావాలంటే అటు వంగేది ఇక్కడే.

- డిస్కౌంటు రేటు (రాబోయే నగదును నేటి విలువకు తగ్గించే రేటు) 10 శాతం, శాశ్వత వృద్ధి 4 శాతం అనుకుంటే చివరి విలువ, అంటే అంచనా వేసిన ఏళ్ల తర్వాత వచ్చే నగదంతటి విలువ, మరుసటి ఏడాది నగదుకు 16.7 రెట్లు. వృద్ధిని 5 చేస్తే 20 రెట్లు. ఒక్క శాతంతో విలువ ఐదోవంతు పెరిగింది. ఆ ఒక్క శాతం ఎక్కడి నుంచి తెచ్చారో కాగితం మీద ఉండాలి.
- నగదు అంచనాల్లో ఒకసారి తగ్గించిన రిస్కును డిస్కౌంటు రేటులో మళ్లీ కలపవద్దు.
- చివరిసారి పెట్టుబడి వచ్చిన ధరతో అన్ని షేర్లనూ గుణించవద్దు. కొత్త పెట్టుబడిదారు కొన్నది ముందుగా డబ్బు వెనక్కి తీసుకునే హక్కున్న షేరు. మామూలు షేరుకు ఆ హక్కు లేదు.
- ధర పడిన ప్రతి అమ్మకాన్నీ “బలవంతపు అమ్మకం” అని తోసేయవద్దు. వ్యాపారం పలచబడినంత మాత్రాన అది రుజువు కాదు.
- తేదీ దాటవద్దు. 2020 మార్చిలో కూలిన ధరలు 2019 డిసెంబరు 31 నాటి విలువలోకి రావు.
- బ్రోకరు ఇచ్చిన ధరకు అతను కట్టుబడి ఉంటాడో లేదో అడగండి.
- లెక్క మొత్తంలో ముఖ్యమైన అంశం ఒక్కటి మూడో స్థాయిదైనా, మొత్తం కొలత మూడో స్థాయిదే. రెండో స్థాయి అని రాయవద్దు.
- కావలసిన అంకెను వాల్యుయర్‌కు (విలువ కట్టే నిపుణుడికి) ముందే చెప్పవద్దు. ఫోనులో కూడా.
- అంకె నచ్చలేదని పద్ధతి మార్చవద్దు.
- సొంత అంచనాలతో మొదలుపెట్టవచ్చు. కొనేవాడు వాటిని ఎక్కడ ఒప్పుకోడో అక్కడ సరిదిద్దండి.
- ఫైలులో “మా ప్రణాళిక ప్రకారం”, “మాకు అమ్మే ఉద్దేశం లేదు కాబట్టి” అన్న మాటలు వెతకండి. వాటి మీద ఆధారపడిన ప్రతి అంకెనూ వెనక్కి పంపండి. మార్కెట్ నుంచి తెచ్చిన ఆధారం చేతికి వచ్చేదాకా సంతకం పెట్టవద్దు.