నరకం గురించి బైబిలు ఏమంటోంది – 5వ పాఠం: తీర్పుకు ముందా, తర్వాతా?

పోయిన పాఠం చివర, నరకం మీద ఉన్న మూడు అభిప్రాయాలకు ఒక్కో గడి చొప్పున మూడు గడుల పట్టిక ఇచ్చాను. నిత్య యాతన, పూర్తి నాశనం, చివరికి అందరికీ రక్షణ. కొన్ని వచనాలిచ్చి ఏది ఏ గడిలో పడుతుందో రాయమన్నాను. వచ్చిన జవాబులు చూశాక ఈసారి చెప్పాల్సిన హిన్నోము లోయ (యేసు వాడిన ‘గెహెన్నా’ అనే నరకం మాటకు మూలమైన యెరూషలేము లోయ) పాఠాన్ని వాయిదా వేయక తప్పలేదు. దాదాపు అందరూ లూకా 16లో యేసు చెప్పిన ధనవంతుడు–లాజరు కథను (చనిపోయాక బిచ్చగాడు లాజరు అబ్రాహాము దగ్గర సుఖంగా ఉంటాడు, ధనవంతుడు పాతాళంలో మంటలో ఉంటాడు) మొదటి గడిలో రాశారు. కారణం కూడా ఒకటే: మంటలో యాతన పడుతున్నాడు కాబట్టి. కొందరైతే అక్కడి నుంచి ప్రకటన గ్రంథం 20లో ఆఖరి తీర్పు తర్వాతి శిక్షాస్థలమైన అగ్నిగుండానికి ఒక బాణం కూడా గీశారు. ఈ పాఠమంతా ఆ బాణం గురించే.

లూకా 16:28 దగ్గర ఆగండి. ధనవంతుడు అబ్రాహామును ఏమడుగుతున్నాడు? తన తండ్రి ఇంట్లో ఐదుగురు సహోదరులున్నారు, వాళ్లూ ఈ చోటికి రాకుండా లాజరును పంపి హెచ్చరించమంటున్నాడు. అంటే వాళ్లింకా బతికే ఉన్నారు. తండ్రి ఇల్లు ఉంది. మోషే మాటలు, ప్రవక్తల మాటలు వాళ్లకు అందుబాటులోనే ఉన్నాయి. మారడానికి గడువుంది. మృతులందరూ లేవలేదు, సింహాసనం ముందు గ్రంథాలు విప్పలేదు. ఆఖరి తీర్పు ఇంకా రానే లేదు.

ఇప్పుడు ప్రకటన 20:13–14 చదవండి. పాతాళం, అంటే చనిపోయినవాళ్లు తీర్పు దాకా ఉండే చోటు, తనలోని మృతులను అప్పగిస్తుంది. వాళ్లకు తీర్పు జరుగుతుంది. ఆ తర్వాత మరణాన్నీ పాతాళాన్నీ కలిపి అగ్నిగుండంలో పడేస్తారు. మన ధనవంతుడు కళ్లెత్తి చూసింది పాతాళంలో నుంచి (16:23). పాతాళమే వెళ్లి అగ్నిగుండంలో పడుతుంటే ఆ రెండూ ఒకే చోటు ఎలా అవుతాయి? రిమాండ్‌లో ఉన్నవాడికీ శిక్ష పడినవాడికీ ఉన్న తేడా ఇది. ఇద్దరూ కటకటాల వెనకే ఉంటారు. కానీ రిమాండ్ ఖైదీని చూపించి ‘కోర్టు వేసిన శిక్ష ఇదీ’ అని ఎవరూ అనరు. బాణం గీసినవాళ్లు చేసింది అదే.

‘అది ఉపమానమా, నిజంగా జరిగిందా?’ అని కొందరు అడిగారు. యేసు లాజరుకు పేరు పెట్టాడు కాబట్టి నిజమేనని ఒక వర్గం, యేసు మిగతా ఉపమానాల వరసలోనే ఉంది కాబట్టి ఉపమానమేనని ఇంకో వర్గం చాలాకాలంగా వాదించుకుంటున్నాయి. ఈ పాఠానికి ఆ వాదన అక్కర్లేదు. ఉపమానమైనా, జరిగిందైనా అది తీర్పుకు ముందు సంగతే. మక్కీకి మక్కీగా తీసుకుంటామనేవాళ్లకు మాత్రం ఒక మాట. అబ్రాహాము చెప్పిన కారణాన్ని కూడా (16:25) అలాగే తీసుకోండి మరి. నువ్వు బతికుండగా సుఖాలు అనుభవించావు, లాజరు కష్టాలు అనుభవించాడు, అంతే అన్నాడు. ఒకడు నమ్మాడనీ ఇంకొకడు నమ్మలేదనీ అనలేదు. ఆ కథ వింటున్నది డబ్బు మీద ఆశ ఉన్న పరిసయ్యులని 14వ వచనంలోనే ఉంది. మంటను అక్షరాలా తీసుకుని, ఈ వచనం దగ్గరికి రాగానే ‘ఇది అలంకారం’ అనేవాళ్లను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది.

కాబట్టి పట్టిక నింపే ముందు ప్రతి వచనం పక్కనా పెన్సిల్‌తో ‘ము’ అనో ‘త’ అనో రాయండి. తీర్పుకు ముందు, తర్వాత. ఎలా తెలుస్తుందంటారా? నేను వాడే అడ్డదారి ఒకటుంది: ఆ దృశ్యంలో ఇంకా మామూలుగా బతుకుతున్న మనుషులు కనిపిస్తున్నారా అని చూస్తాను. ప్రకటన 6:10లో బలిపీఠం కింది ఆత్మలు, భూమ్మీద ఉన్నవాళ్ల మీద మా పగ ఎప్పుడు తీరుస్తావని కేకలు వేస్తున్నాయి. చంపినవాళ్లు ఇంకా భూమ్మీదే ఉన్నారు, కాబట్టి ‘ము’. ఫిలిప్పీయులకు 1:23లో పౌలు లోకం విడిచి క్రీస్తుతో ఉండాలని ఆశపడుతూనే, మీ కోసం ఇక్కడ ఉండటం అవసరమంటాడు. అదీ ‘ము’. సిలువ మీది దొంగకు ‘నేడు’ అని మాటిచ్చిన లూకా 23:43, చచ్చినవాళ్లకు ఏమీ తెలియదన్న ప్రసంగి 9:5 కూడా అంతే.

ఈ అడ్డదారి బెడిసికొట్టే చోటూ ఉంది. యెషయా 66:24లో ఆరాధనకు వచ్చినవాళ్లు బయటికి వెళ్లి తిరుగుబాటు చేసినవాళ్ల కళేబరాలను చూస్తారు. పురుగు చావదు, అగ్ని ఆరదు అన్నది అక్కడే. చూసేవాళ్లు బతికే ఉన్నారు కదా అని ‘ము’ రాయకండి. రెండు వచనాల ముందే కొత్త ఆకాశం, కొత్త భూమి అన్నాడు, అంటే అది తీర్పు తర్వాతి సంగతి. అందుకే వచనం ఒక్కటే చదివి ఊరుకోవద్దు, ముందున్న పది వచనాలూ చదవండి. అన్నట్టు ఆ అగ్నిలో ఉన్నవి శవాలు, ఏడుస్తున్న ఆత్మలు కావు. పూర్తి నాశనం వర్గం వదలకుండా పట్టుకునే వచనం ఇది. మార్కు 9:48లో యేసు చెప్పిన మాటకు మూలం కూడా ఇదే.

‘ము’ వచనాల మీద గొడవలు లేవని కాదు. అక్కడి గొడవ వేరు. 1331లో ఫ్రాన్స్‌లోని ఆవిన్యోన్‌లో పోపు 22వ జాన్, నీతిమంతుల ఆత్మలు ఆఖరి తీర్పు దాకా దేవుణ్ణి ముఖాముఖిగా చూడవని ప్రసంగాలు చేశాడు. పారిస్ పండితులు ఎదురు తిరిగారు. 1334లో చనిపోయేముందు ఆయన ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. తర్వాత వచ్చిన 12వ బెనెడిక్ట్ 1336లో, శుద్ధులైన ఆత్మలు తీర్పుకు ముందే దేవుణ్ణి చూస్తాయని శాసనం చేశాడు. ప్రొటెస్టెంట్లలోనూ ఈ తగువు ఉంది. చనిపోయినవాళ్లు నిద్రలో ఉంటారన్నవాళ్లకు జవాబుగా సంస్కర్త కాల్విన్ 1534లో ఒక పుస్తకమే రాశాడు. ఈనాటి సెవెన్త్ డే అడ్వెంటిస్టులు ఆ నిద్రనే నమ్ముతారు. కాథలిక్కుల ఉత్తరించు స్థలం (పర్గెటరీ) కూడా ‘ము’ కిందిదే. అది నరకంలో పడ్డవాళ్లకు దొరికే రెండో అవకాశం కాదు. అక్కడున్నవాళ్లు రక్షణ ఖాయమైనవాళ్లే, ఇంకా శుద్ధి కావాల్సి ఉంది, అంతే.

మరి లూకా 16ను తీసేస్తే నిత్య యాతన వాదం కూలిపోతుందా? కూలదు. ‘వీరు నిత్యశిక్షకును నీతిమంతులు నిత్య జీవమునకును పోవుదురు’ అన్న మత్తయి 25:46 దాని అసలు బలం. జీవం అంతం లేనిదైతే శిక్షా అంతే కదా అని ప్రాచీన సంఘ గురువు అగస్టీన్ వాదించింది దీని మీదే. దానికి తోడు అపవాదిని రాత్రింబగళ్లు యుగయుగాలు బాధిస్తారన్న ప్రకటన 20:10 ఉంది. పూర్తి నాశనం వర్గం జవాబు కూడా తేలికైనదేం కాదు. నాశనమైపోతే ఆ ఫలితం శాశ్వతం కాబట్టి అదీ నిత్యశిక్షేనంటారు. పాతాళానికి ఒంటి నొప్పి ఉండదు కదా, దాన్ని అగ్నిగుండంలో పడేయడం అంటే లేకుండా చేయడమేనంటారు. దేహాన్నీ ఆత్మనూ కూడా నశింపజేయగలవాడికి భయపడమన్న మత్తయి 10:28 వాళ్ల చేతిలో ఉంది. మూడో వర్గం, అంటే చివరికి అందరికీ రక్షణ అనేవాళ్లు, క్రీస్తులో అందరూ బతికించబడతారన్న 1 కొరింథీయులకు 15:22ను చూపిస్తుంది, ప్రకటన 21:25లో ఆ పట్టణం ద్వారాలు ఎప్పటికీ మూయరన్న మాటను చూపిస్తుంది. కానీ పిరికివాళ్లు, నమ్మనివాళ్లు మొదలైనవాళ్ల వంతు అగ్నిగుండమేనన్న 21:8 అక్కడే దాని నోరు నొక్కుతుంది. నా మొగ్గు ఎటో అడగకండి, పట్టిక నింపడం అయ్యేదాకా చెప్పను.

అభ్యాసం. ప్రకటన 19 నుంచి 22 వరకు ఒక్క విడతలోనే, ఫోన్‌లో కాకుండా పుస్తకంలో చదవండి. ఎవరిని ఎక్కడ పడేశారో, ఏ వరసలో పడేశారో కాగితం మీద రాయండి. 19వ అధ్యాయంలో యుద్ధానికి దిగిన భూరాజులు 21:24లో మళ్లీ ఎందుకు కనిపిస్తున్నారో ఒక పేరా రాయండి. ఆ తర్వాత మీరు నమ్మే అభిప్రాయానికి ఎదురుగా, ‘త’ వచనాలు మాత్రమే వాడి, ఒక పేజీ వాదన రాయండి. చదివిన ఎదుటివర్గం మనిషి ‘మావాడే రాశాడు’ అనుకోవాలి. పాత పట్టికను కొట్టేసి మళ్లీ నింపడం ఆ తర్వాతే.

1 పేతురు 3:19లో చెరలో ఉన్న ఆత్మలకు ప్రకటించడం గురించి ఇప్పుడే రాయకండి. దానికి ‘ము’, ‘త’ సరిపోవు, విడిగా ఒక పాఠం ఉంటుంది.