తోలు పట్టీ మీద రేజర్ జారిపోతుంటే

పదును పెట్టుకోవడానికి ఇంట్లో చేసుకున్న తోలు పట్టీ మీద నా రేజర్ (మంగలికత్తి) పట్టు లేకుండా జారిపోయేది. ఎంత లాగినా పదును తేలేది కాదు. కారణం తోలు మీదున్న మెరుపు పూత. బెల్టు తోలుకి ఇది మామూలే. 400 నంబరు ఉప్పుకాగితాన్ని చదునైన చెక్కకి చుట్టి పొడవునా తేలిగ్గా రుద్దాను. పూత పోయాక కత్తిని తోలు కాస్త పట్టి లాగుతున్నట్టు చేతికి తెలిసింది. కావాల్సింది ఆ లాగుడే.

అంచులు పైకి లేస్తుంటే వెనకవైపు తడిగుడ్డతో తుడిచి, రెండు పలకల మధ్య బరువు పెట్టి ఆరనిచ్చాను. ఎండలో పెట్టకూడదు, తోలు పెళుసుబారుతుంది.

కొత్తగా చేసుకునేవాళ్లు చెట్టుబెరడుతో శుద్ధి చేసిన 2-3 మిల్లీమీటర్ల తోలు తీసుకోండి. వేలాడే పట్టీ అయితే బిగించి పట్టుకోవాలి. వదులైతే కత్తి అంచు గుండ్రబడిపోతుంది. కత్తి వీపు (మొద్దు వైపు) ముందు, అంచు వెనక ఉండేలా లాగాలి. తిప్పేటప్పుడు వీపు మీదే తిప్పాలి, లేదంటే తోలు తెగుతుంది.

పదును పెంచే ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పేస్టు వాడితే దానికి వేరే పట్టీ పెట్టుకోండి. ఆ పొడి తోలులోకి దిగితే పూర్తిగా వదలదు. తోలుకి నూనె రాసే విషయంలో నేను పిసినారినే. రోజూ అరచేత్తో రుద్దితే చాలు, మరీ ఎండినట్టుంటేనే రెండు చుక్కలు.