దుప్పటి తన్నేసే పాప, పలమనేరు చలి: మాకు పనికొచ్చింది ఇదీ

ధనుర్మాసంలో పలమనేరు చలి గురించి తిరుపతి వాళ్ళకి చెప్తే నమ్మరు. మా పాపకి ఆరు నెలలు, దుప్పటి కప్పడం ఆలస్యం తన్నేస్తుంది, తెల్లారుజామున చేతులు చల్లబడి ఒకటే ఏడుపు. రెండు దుప్పట్లు, ఉన్ని టోపీ, రూం హీటర్ అన్నీ అయినాయి, అవ్వ కుంపటి పెడదామనింది గానీ తలుపులేసిన గదిలో బొగ్గులంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు, వాసన కూడా రాదు, వద్దే వద్దన్నా.

పనిచేసింది స్లీప్ సాక్, అంటే చేతుల్లేని సంచి గౌను, కింద మూసి ఉంటుంది, ఎంత తన్నినా ఊడదు. మెడ, చంకల దగ్గర సరిగ్గా సరిపోవాల, వదులైతే తల లోపలికి జారిపోతుంది, ఇది మాత్రం చూసి కొనండి. ముందు మంచాన్ని కిటికీ పక్కనుంచి లోపలి గోడవైపు జరిపినాం. పడుకోబెట్టే ముందు హాట్ వాటర్ బ్యాగ్‌తో పరుపు కాస్త వెచ్చచేసి, బ్యాగ్ తీసేసి, చేత్తో తాకి చూసి, అప్పుడు కాటన్ బనీను, దానిమీద ఫుల్ చేతుల చొక్కా, ఆపైన సాక్, వెల్లకిలా పడుకోబెట్టడం. దుప్పటి, దిండు, టోపీ ఏవీ లేవు, టోపీ జారి మొహమ్మీద పడొచ్చు, ఒళ్ళు మరీ వేడెక్కినా ప్రమాదమే.

చేతులు పట్టుకుని చూడొద్దు, అవి మామూలుగానే చల్లగుంటాయి. మెడ వెనక చూడండి, చెమట ఉంటే ఒక బట్ట తీసేయడమే.

మాది మిద్దె ఇల్లు, రేకుల ఇంట్లో ఇంకో పొర బట్ట కావాలేమో. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఇది సరిపోతుందని చెప్పలేను, డాక్టర్నే అడగండి. పొట్ట, ఛాతీ కూడా చల్లబడి పాలు తాగకపోతే వెంటనే ఆస్పత్రికి పోండి.