కాలు విరిగిన అబ్బాయితో విమాన ప్రయాణం: నా అనుభవం

కబడ్డీలో ఎడమ కాలు విరిగి, సిమెంటు కట్టు విప్పాక చంకకర్రలతో నడుస్తున్న మా అబ్బాయిని హన్మకొండ నుంచి శంషాబాద్ మీదుగా ఢిల్లీలోని మా అన్న ఇంటికి తీసుకెళ్లవలసి వచ్చింది.

చక్రాల కుర్చీ కోరితే సరిపోదు, ఏ రకమో చూడాలి. మా టికెట్‌లో డబ్ల్యూసీహెచ్ఆర్ అనే కోడ్ నమోదైంది. అంటే ప్రయాణికుడు మెట్లు ఎక్కి దిగగలడని అర్థం. మా వాడు నాలుగడుగులు వేయగలడు గానీ మెట్లు దిగలేడు. ఏరోబ్రిడ్జి (టెర్మినల్ నుంచి నేరుగా విమానం తలుపు దాకా ఉండే వంతెన) దొరకకపోతే విమానం తలుపు దగ్గరే ఆగిపోవాల్సి వచ్చేది. సహాయం కావాలంటే 48 గంటల ముందే తెలియజేయాలన్నది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన కాబట్టి, ఆలోగానే విమానయాన సంస్థకు ఫోన్ చేసి మెట్లు ఎక్కి దిగలేనివారికి వాడే డబ్ల్యూసీహెచ్ఎస్‌గా మార్పించాను. ఢిల్లీలో విమానం దూరంగా ఆగినా, లిఫ్టు బండి వచ్చి వాణ్ణి నేరుగా కిందికి దించింది.

కాళ్లు చాపుకోవడానికి వీలున్నా అత్యవసర ద్వారం వరుసలో ఇలాంటివారిని కూర్చోనివ్వరు. అందుకే నడవకు ఇరువైపులా మూడేసి సీట్లున్న విమానంలో ‘డి’ సీటు తీసుకున్నాను. అక్కడ నడవ ఎడమవైపు ఉంటుంది కనుక గాయపడిన కాలును కొంచెం బయటికి చాపుకోవచ్చు. కుడి కాలైతే ‘సి’ సీటు కావాలి. భోజనాల బండి వచ్చినప్పుడు మాత్రం నేనే వాడి మోకాలు పట్టి లోపలికి జరిపేవాణ్ణి. చంకకర్రలను సిబ్బంది పైఅరలో పెట్టారు. వాపు రాకుండా డాక్టరు చెప్పినట్టు మడమను పైకీ కిందికీ ఆడిస్తూ ఉండమన్నాను.

కొత్తగా కట్టు వేసినవారైతే ముందుగా డాక్టరును అడగాలి. లోపల కాలు వాస్తుంది గనుక, తొలి 48 గంటల్లో నిలువునా చీల్చిన కట్టు ఉంటేనే చాలా సంస్థలు ఎక్కనిస్తాయి.